చెప్పే అంకెలు, చెప్పకూడని అంకెలు

ఏంటండీ, ఈ ఎండలో నిలబడి వీధి వంక అలా చూస్తున్నారు? గ్యాస్ బండి కోసమా? వస్తాడు లెండి. ఇందాక పక్క సందులో సిలిండర్లు గణగణలాడిన చప్పుడు నేనూ విన్నాను. ఆ మూల కొట్లో టీ తాగితే గానీ మన వైపు తిరగడు. అంతదాకా ఇలా నీడకి రండి, ఈ గోడ దగ్గరికి. నాకూ పొద్దు పోవట్లేదు. మా ఆయన భోంచేసి కునుకు తీస్తున్నారు. చేతిలో ఈ ఫోను తప్ప ఇంకో పని లేదు.

ఫోనంటే గుర్తొచ్చింది. మొన్న సెలవులకొచ్చిన మా మనవరాలు నా ఫోన్లో యాప్‌లు లెక్కపెట్టిందండీ. అరవై మూడున్నాయిట. "మామ్మా, నీ ఫోను కన్నా మన అటక నయం" అంది. తొమ్మిదేళ్ళ పిల్లకి అటక గురించి ఏం తెలుసు? అది వాళ్ళమ్మ మాట. నాకు తెలీదూ! సరే, కోడలి సంగతి ఇప్పుడొద్దు లెండి, ఎండ దిగాక చెప్తాను.

అసలు తప్పు నాదే. కొత్త యాప్ వచ్చిందని ఎవరైనా అంటే చాలు, పక్కింట్లో ఆవకాయ జాడీ మూత తీసినట్టే నాకు. రుచి చూడందే ఊరుకోలేను. మీరేమో ఆ ఆకుపచ్చ వాట్సాప్ తప్ప మరోటి ముట్టుకోరు. పొద్దున్నే గులాబీ పువ్వు పెట్టి శుభోదయం పంపడం, మళ్ళీ రాత్రి చందమామ పెట్టి శుభరాత్రి పంపడం. మధ్యలో ఏముండదు. ఏమీ అనుకోకండి, మా ఆయనకి కూడా మీ గులాబీలే వస్తాయి కాబట్టి చెప్తున్నాను.

గ్యాస్ గురించి కదూ అనుకుంటున్నాం? నాకు ఈ యాప్‌ల జ్ఞానోదయం అయ్యిందే ఆ సిలిండర్ దగ్గర. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగమొచ్చిన కొత్తలో ఇల్లంతా ఆన్‌లైన్ చేసి పెట్టాడు. గ్యాసు, కరెంటు, బ్యాంకు, అన్నీ. అన్నిటికీ వాడి నంబరే ఇచ్చుకున్నాడు. మా మీద ప్రేమ అనుకోండి, నమ్మకం లేకపోవడం అనుకోండి. ఓ రోజు గ్యాస్ అబ్బాయి సిలిండర్ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి "కోడ్ చెప్పండమ్మా" అన్నాడు. ఏం కోడని అడిగితే "మీ ఫోన్‌కి వచ్చుద్ది కదమ్మా, అది చెప్తేనే బండ దించాలి" అన్నాడు. నాకేం రాలేదు. మా ఆయనకీ రాలేదు. అబ్బాయికి ఫోన్ చేస్తే కట్ చేసి, మీటింగులో ఉన్నానని మెసేజ్ పెట్టాడు. వాడి ఆఫీసున్న మాదాపూర్‌లో ఏ మీటింగు అయినా మూడు పూటలా జరుగుతుంది కదా! మా ఆయన లోపలికెళ్ళి పాత రేషన్ కార్డు తెచ్చి, అందులో నంబరు చదివారు. అది పనికిరాదన్నాడు. ఆధార్ చదివారు. అదీ పనికిరాదన్నాడు. చివరికి తన పెన్షన్ నంబరు కూడా చదవబోతుంటే నేనే ఆపాను.

ఇరవై ఐదు నిమిషాలు కూర్చున్నాడండీ ఆ పిల్లాడు. రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. వాళ్ళది నూజివీడు దగ్గర పల్లెటూరు. అక్కకి సంబంధాలు చూస్తున్నారు. వాళ్ళ నాన్నకి మామిడి తోటల్లో కాపలా పని. తనకేమో ఈ బండి మోత. అప్పుడు కదా మనకి మనిషంటూ తెలిసింది! అన్నేళ్ళూ వచ్చాడు, సిలిండర్ పెట్టాడు, వెళ్ళాడు. చివరికి మావాడు మీటింగయ్యాక చూసుకుంటే ఆ కోడ్ ముందురోజే వచ్చి కూర్చుందిట. ఒకరి పేరున తీసిన సిలిండర్ ఏ హోటల్లోనో తేలకుండా ఈ కోడ్ పెట్టారట. మంచిదే. కాకపోతే ఆ కోడ్ మాదాపూర్‌లోనూ, సిలిండర్ విజయవాడలోనూ ఉంటే పొయ్యి ఎలా వెలుగుతుంది? మర్నాడే ఏజెన్సీకి వెళ్ళి వాడి నంబరు తీయించి నాది పెట్టించుకున్నాను.

అప్పుడు నేను నేర్చుకున్న పాఠం ఏంటంటే, ఫోన్‌కి అంకెలొస్తే చెప్పాలి. అంతే. చెప్తే సిలిండర్ దిగుతుంది. కారు ఎక్కితే డ్రైవర్‌కి నాలుగంకెలు చెప్పాలి, బండి కదులుతుంది. ఏదైనా పార్సిల్ తెప్పించుకుంటే గేటు దగ్గర మళ్ళీ అంకెలు చెప్పాలి. నేనూ మంచి పిల్లలా చెప్తూ వచ్చాను.

ఈలోగా టీవీలో, బ్యాంకులో, ఆఖరికి ఫోన్ చేస్తే వినపడే ఆ గొంతులో కూడా, ఓటీపీ ఎవరికీ చెప్పకండి, ఎవరికీ చెప్పకండి అని ఒకటే పోరు. భయమేసింది. సరే, ఇక చెప్పకూడదనుకున్నాను. ఆ వారంలోనే బెంజి సర్కిల్ దగ్గర కారెక్కానండీ. డ్రైవర్ వెనక్కి తిరిగి "ఓటీపీ చెప్పండమ్మా" అన్నాడు. "చెప్పను" అన్నాను. "చెప్పకపోతే బండి స్టార్ట్ కాదమ్మా." "అవకపోతే పోనీ. నాకు తెలుసు మీ వేషాలు." ఆ అబ్బాయి పాపం నోరు తెరిచి అలా ఉండిపోయాడు. వెనకాల హారన్లు. ఇద్దరం పంతం మీదున్నాం. పక్కన ఆటోలో కూర్చున్న కాలేజీ పిల్ల ఒకతె తల బయటికి పెట్టి "ఆంటీ, అది చెప్పొచ్చు" అంది. ఇదేం గోలండీ? ఒకే ఫోను, ఒకే టింగుమనే చప్పుడు, ఒకేలాంటి అంకెలు. ఒకటి చెప్పకపోతే బండి కదలదు, ఇంకోటి చెప్తే బ్యాంకులో డబ్బు కదిలిపోతుంది. మన చిన్నప్పుడు అయితే ఇంటి గుట్టు ఒకటే ఉండేది, అది ఎవరికీ చెప్పకూడదు. అంతటితో సరి. అయినా మీరూ నేనూ చెప్పుకునేవాళ్ళం అనుకోండి, అది వేరు.

అసలు కొంప మునగబోయింది మాత్రం కుట్టుమిషను దగ్గర. మీరు చూశారుగా, మా మెట్ల కింద ఉండేదే. మోకాళ్ళ నొప్పులొచ్చాక నేను తొక్కట్లేదు. పాత సామాన్లు అమ్మిపెట్టే యాప్‌లో ఫోటో తీసి పెట్టాను. మూడువేల ఐదొందలు అన్నాను. పది నిమిషాలు తిరక్కుండా ఫోనొచ్చింది. మిలిటరీలో పని చేస్తాట్ట, ఈ ఊరికి బదిలీ అయ్యిందిట, వాళ్ళావిడకి కుట్టుమిషను కావాలిట. సరేనన్నాడు. బేరం ఆడలేదండీ! మూడువేల ఐదొందలంటే మూడువేల ఐదొందలే అన్నాడు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. మనూళ్ళో బేరమాడకుండా వస్తువు కొనేది ఎవరు? కొత్తిమీర కట్ట దగ్గర మీరే అరగంట నిలబడతారు.

తర్వాత ఆయన వాట్సాప్‌లో ఆ నలుపూ తెలుపూ గళ్ళ బొమ్మ పంపాడు. "అమ్మా, ఇది స్కాన్ చేసి మీ పిన్ నొక్కండి, డబ్బు మీ ఖాతాలో పడిపోతుంది" అన్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని, రెండో ఫోన్లో బొమ్మ పెట్టి, ఈ ఫోనుతో స్కాన్ చేస్తున్నాను. సరిగ్గా అప్పుడే మన కూరలావిడ బండి వచ్చి గేటు ముందు ఆగింది. ఆవిడ బండికి వేలాడే ఆ డబ్బా ఉంది చూశారూ, "ముప్ఫై రూపాయలు అందాయి" అని తెలుగులో అరుస్తుందే, అది అరిచింది. నేను ఆవిడతో "ఉండవే, డబ్బులు వస్తున్నాయి, పిన్ను కొట్టి వస్తా" అన్నాను. ఆవిడ వంకాయలు తూస్తున్నదల్లా తక్కెడ దించేసింది.

"అమ్మగారూ, పొద్దుట్నుంచి ఈ డబ్బాలో ఎంతమంది డబ్బులేశారో చూశారా? నేనొక్క పాలన్నా పిన్ను కొట్టానా? డబ్బులొచ్చేవోళ్ళకి పిన్నెందుకండీ?"

నా చేతిలో ఫోను అలాగే ఆగిపోయింది. నిజమే కదా! ఇంత చదువుకున్నాను, రోజూ పేపరు పూర్తిగా చదువుతాను, ఆ మాట నాకు తట్టలేదు. ఈ యూపీఐ 2016లో వచ్చింది. అప్పటి నుంచీ దాని నియమం ఒకటే. పిన్ను మన చేతిలోంచి డబ్బు వెళ్ళడానికే, రావడానికి ఏ పిన్నూ అక్కర్లేదు. స్కాన్ చేసినా అంతే, వెళ్ళడానికే. మనుషుల మధ్య డబ్బడుగుతూ పంపే ఆ రిక్వెస్టులనయితే 2025 అక్టోబరు నుంచి తీసేయమని ఆ యూపీఐ నడిపే సంస్థే బ్యాంకులకి చెప్పింది, ఇలాంటి మోసాల వల్లే. మిలిటరీ ఆయనకి ఫోన్ చేసి, "బాబూ, ఇంటికొచ్చి నోట్లిచ్చి మిషను పట్టుకెళ్ళు, కాఫీ కూడా ఇస్తాను" అన్నాను. పెట్టేశాడు. కాఫీ ఇస్తానన్నా పెట్టేసినవాడు మంచివాడెలా అవుతాడు?

చివరికి ఆ మిషను ఎవరు కొన్నారనుకుంటున్నారు? మన కూరలావిడ కూతురే. పద్ధెనిమిది వందలకి. ఆవిడ బేరమాడింది, నేనూ ఆడాను, రెండు రోజులు పట్టింది. ఎంత హాయిగా ఉందో! మీకు పొరపాటున అలా ఏదైనా డబ్బు పోయిందనుకోండి, సిగ్గుపడి ఇంట్లో దాచిపెట్టకండి, వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, డబ్బు ఇంకో ఖాతాలోకి దాటిపోకుండా ఆపే వీలుంటుంది. మా ఫ్రిజ్ మీద రాసి అంటించాను ఆ నంబరు.

ఇక మా ఆయన సంగతి. ఆయన రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేశారు కదా. చేరిన కొత్తలో అట్ట టికెట్లు ఉండేవి, గుర్తుందా? అగ్గిపెట్టంత, పసుపు రంగు అట్ట. దాన్ని మిషన్లో పెట్టి తేదీ గుద్దితే టక్‌మనేది. ఆ టక్‌మనే చప్పుడు నిద్రలో కూడా చేసేవారు నోటితో. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఇప్పుడు టికెట్ ఫోన్లోకే వచ్చేసింది. ఆయన ఆ యాప్ పెట్టుకున్నారు గానీ ముఖంలో సంతోషం లేదు. తన కౌంటరు తన జేబులోకే వచ్చి కూర్చుందని బాధ కాబోలు.

ఓసారి తెనాలిలో పెళ్ళికి బయల్దేరాం. స్టేషన్లోకి వెళ్ళి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఈయన దర్జాగా ఫోన్ తీశారు. స్టేషన్‌కి ఇంత దగ్గర్లో తీయకూడదంది ఫోను. టీసీ కనపడగానే గబుక్కున టికెట్ కొట్టేసే ఘటికులుంటారని ఆ ఏర్పాటుట. మా ఆయన కోప్పడలేదు సరికదా, "చూశావా, రూలంటే ఇలా ఉండాలి" అని నాకు ఉపన్యాసం. ఇద్దరం మళ్ళీ మెట్లెక్కి దిగి, రోడ్డు మీదకెళ్ళి, పూలకొట్టు దాటి ఇంకాస్త నడిచి, అక్కడ నిలబడి టికెట్ తీసి, వెనక్కొచ్చేసరికి బండి కృష్ణ వంతెన మీదుంది. పట్టుచీర, చేతిలో చదివింపుల కవరు, నేను. స్టేషన్ గోడ మీదే అంటించిన క్యూఆర్ స్కాన్ చేస్తే లోపల నుంచైనా తీయొచ్చని ఈయన రాత్రి ఇంటికొచ్చాక చెప్పారు. ముందే తెలుసా అని అడిగితే పేపర్ అడ్డం పెట్టుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు లక్షలమందికి రైలు ఎక్కించిన మనిషండీ! ఇప్పుడయితే రిజర్వేషనూ మామూలు టికెట్టూ అన్నీ ఒకే చోట ఉండేలా రైల్‌వన్ అని 2025 జులైలో తెచ్చారు. అది పెట్టుకోమన్నాను. పాతదానికి అలవాటు పడ్డానన్నారు.

అయినా ఆయనని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి, బతికే ఉన్నానని ఫోన్‌కి ఒప్పించారు. నవ్వకండి. నవంబరు రాగానే కేంద్రం పెన్షనర్లు బతికున్నట్టు కాగితం ఇవ్వాలి కదా. ఇదివరకు బ్యాంకులో చాంతాడంత క్యూ. జీవన్ ప్రమాణ్ అని 2014లో పెట్టారు, అప్పుడు వేలిముద్రలు వేయాలి. ఈయన వేళ్ళు ఆ నోట్లు లెక్కపెట్టీ పెట్టీ అరిగిపోయాయి, ఎంత నొక్కినా పడేవి కాదు. 2021 నుంచి ముఖం చూపిస్తే చాలన్నారు. సరే, వెలుతురు బాగుంటుందని ఇదుగో ఈ గోడ దగ్గరే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఫోను రెప్ప వేయమంటుంది. ఈయన వేయరు. పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు బిగదీసుకుని, గుడ్లప్పగించి చూస్తున్నారు. "రెప్ప వేయండి" అంటాను, "ఫోటోలో కళ్ళు మూసుకుంటే బాగోదు" అంటారు. నాలుగుసార్లు అయ్యింది. ఐదోసారి మీ పిల్లి గోడ మీంచి దూకింది. ఉలిక్కిపడి టపటపా రెప్పలు కొట్టారు. అయిపోయింది. మా ఆయన పెన్షన్ మీ పిల్లి పుణ్యం. దానికి ఆ రోజు పాలు పోశాను, మీకు చెప్పలేదు.

నిమిషాల్లో సామాన్లు తెచ్చే యాప్‌ల గురించి మాత్రం నన్ను అడగకండి. అడక్కపోయినా చెప్తాను. ఓ వానాకాలం పొద్దున పోపు పెట్టబోతే కరివేపాకు లేదు. మీ చెట్టుంది, కానీ మీరు గుంటూరెళ్ళారు, తాళం. సరే ఫోన్లో నొక్కాను. కరివేపాకుకి డబ్బు! పుట్టి బుద్ధెరిగాక కరివేపాకుకి డబ్బు ఇచ్చింది అదే మొదలు. దాని మీద తెచ్చినందుకు ఇంత, సంచిలో వేసినందుకు ఇంత, వానొస్తుంది కాబట్టి ఇంత. వెరసి, ఆ పోపు పెట్టిన పప్పుని మా ఆయన తింటుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఒక్కో ఆకూ ఏరి పక్కన పెడుతున్నారండీ, ఎప్పటిలాగే! నేను అరిచాను, "ఇవాళ మాత్రం నమలండి" అని.

నేనొక్కదాన్నే ఇలా అనుకున్నాను. కాదుట. 2024లో ముంబైలో ఎవరో ఒకావిడ, కూరలు కొంటే కొత్తిమీరకి విడిగా డబ్బేంటని గుండెలు బాదుకుందిట. వాళ్ళబ్బాయి ఆ సంగతి ట్విట్టర్లో పెడితే, బ్లింకిట్ పెద్దాయన చూసి, కూరలతో పాటు కొత్తిమీర ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాడు. చూశారా, ఆ తల్లి ఎవరో గానీ మన జాతే. కరివేపాకు గురించి కూడా ఎవరైనా బాదుకుంటే బాగుండును. మీ చెట్టు ఉన్నంతకాలం నాకు అక్కర్లేదు అనుకోండి.

అవునూ, మీకు కరెంటు బిల్లు క్యూ గుర్తుందా? అప్పుడు ఎండలో కిటికీ ముందు నిలబడేవాళ్ళం. తర్వాత 2001లో హైదరాబాదులో ఈసేవ మొదలై, అలా అలా మన దాకా వచ్చింది. అందులో కుర్చీలు, ఫ్యాన్లు, టోకెన్లు. 2011లో మీసేవ అన్నారు. 2025 జనవరి ఆఖర్న మన మిత్ర అని వాట్సాప్‌లోనే 161 సేవలు పెట్టారు. మొన్న మా చెల్లెలి మనవడికి ఆదాయ ధ్రువపత్రం కావాలంటే, ఆ పిల్లాడు మంచం మీద పడుకునే ఫోన్లో దరఖాస్తు పెట్టేశాడు. మా రోజుల్లో ఆ కాగితం కోసం ఎంత తిరిగేవాళ్ళం! బాగానే ఉంది. కాకపోతే, మా పెద్దాడపడుచు కూతురి సంబంధం ఎక్కడ కుదిరిందనుకున్నారు? కరెంటు బిల్లు క్యూలో. ముందు నిలబడ్డావిడ చేతిలో బిల్లు మీద ఇంటిపేరు చదివాను. గోత్రం అడిగాను. బిల్లు కట్టి బయటికొచ్చేసరికి జాతకాల దాకా వచ్చాం. వాట్సాప్‌లో ఎవరి వెనక నిలబడమంటారు?

నిలబడటం అంటే, తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఫోన్లో విడుదలయ్యే రోజున అక్కడా నిలబడాలి. మన వరస వచ్చేదాకా ఇన్ని నిమిషాలు ఆగండని తెర మీద గడియారం తిరుగుతూ ఉంటుంది. కొండ మీద క్యూ కాంప్లెక్సు ఇంట్లోకి వచ్చినట్టే. నేనయితే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఫోన్ దేవుడి గదిలో పెట్టుకుని కూర్చుంటాను. గోవిందా అంటూ నొక్కాలండీ, లేకపోతే దొరకవు. మీరు నమ్మరు గానీ మూడుసార్లలో రెండుసార్లు దొరికాయి.

టికెట్లంటే ఆ రెడ్‌బస్ కథ కూడా ఇలాంటిదే. దాన్ని పెట్టినాయన మన తెలుగాయనే, ఫణీంద్ర సామా. 2005 దీపావళికి బెంగుళూరు నుంచి హైదరాబాద్ ఇంటికొద్దామంటే బస్సు టికెట్ దొరకలేదుట. పండక్కి ఇంటికి రాలేకపోయిన ఆ ఉక్రోషంతో 2006లో ఇద్దరు స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. మా అబ్బాయికీ ప్రతి సంక్రాంతికీ టికెట్ దొరకదు. వాడికి ఏ ఆలోచనా రాదు. మీటింగులో ఉంటాడు.

మనవరాలి సంగతి చెప్తున్నాను కదూ. ఆ అరవై మూడింట్లో నలభై పైన తీసిపారేసింది. పంచాంగం యాప్ మాత్రం ఉంచుకున్నాను, దాంతో ముందు గొడవైనా సరే. మనం ఎక్కడున్నామో చూడనివ్వమంటే నేను ఒప్పుకోలేదు, నా ఇల్లు దానికెందుకని. అది ఢిల్లీ లెక్క చూపించింది. రాహుకాలమంటే సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేసి అందులో ఒకటి కదా. గోడ క్యాలెండర్లో ఆరింటికి ఆరింటికి లెక్కేసి సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిదని వేసేస్తారు. కానీ చలికాలం ఢిల్లీలో పొద్దెక్కేది మనకన్నా ఆలస్యంగా. నెలరోజులు ఢిల్లీ రాహుకాలం చూసి విజయవాడలో పనులు మానేశాను. ఆయన బ్యాంకు పనులు వాయిదా వేయించాను కూడా. ఇప్పుడు ఊరు చెప్పేశాను, ఏం పోయిందండీ.

తీసేసిన వాటిల్లో నీళ్ళు తాగమని గంటకోసారి గుర్తుచేసేదొకటి ఉంది. దాన్ని కార్తీకమాసంలోనే తీసేయాల్సింది. సత్యనారాయణ వ్రతానికి మీరూ వచ్చారుగా? శాస్త్రిగారు పీటల మీద కూర్చోబెట్టి, "ఆచమనం చేయండి" అనగానే నా నడుము దగ్గర నుంచి ఓ ఆడగొంతు "నీళ్ళు తాగే వేళయింది!" అని. శాస్త్రిగారు ఆగిపోయారు. మీరు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు, నేను చూశాను. అంత చక్కగా సమయానికి చెప్పినా దానికి దక్షిణ లేదు.

పిల్ల వెళ్తూ వెళ్తూ నాకొక కాగితం రాసిచ్చింది. మధ్యలో గీత కొట్టి ఎడమ వైపు చెప్పేవి, కుడి వైపు చెప్పకూడనివి. గ్యాస్ కోడ్, కారు ఓటీపీ, పార్సిల్ కోడ్ ఎడమ వైపు. అవి కూడా మనిషి ఎదురుగా వచ్చాకే, వస్తువు కళ్ళపడ్డాకే చెప్పాలిట. ఫోన్లో అడిగితే ఏదీ చెప్పకూడదుట. బ్యాంకు ఓటీపీ, యూపీఐ పిన్ను, ఏటీఎం కార్డు వెనకున్న మూడంకెలు కుడి వైపు. అడుగున ఇంకో మాట రాసింది, "మామ్మ వయసు" అని. అది కూడా కుడి వైపే. నేను చెప్పలేదు అలా రాయమని.

అదుగో, వింటున్నారా, బండి మన సందులోకి తిరిగింది. కోడ్ రాలేదని కంగారు పడుతున్నారా? మీకెలా వస్తుందండీ! మొన్న ఏజెన్సీలో ఈకేవైసీ చేయించినప్పుడు మీ ఫోను రిపేర్లో ఉందని నా నంబరేగా ఇచ్చారు. నిన్న సాయంత్రమే వచ్చింది మీ కోడ్. ముందే చెప్పలేదేమంటారా? ముందే చెప్తే ఇంతసేపు నిలబడేవారా మీరు! ఉండండి, ఆ అబ్బాయిని గేటు దాకా రానివ్వండి, కళ్ళజోడు తెచ్చుకుని చదువుతాను. ఈలోగా చెట్టు నుంచి నాలుగు రెమ్మల కరివేపాకు ఇలా అందించండి.